మందు, మందులు

పెనుకొండలో బస్టాండు నుంచి బడికి పోయే దారిలో మాది పుస్తకాల కొట్టు. నాయన పెట్టింది. ఆయన పోయాక నేను కూర్చుంటున్నాను. జూన్‌లో బడులు తెరిచే వారం తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. పలకలు, నోటుబుక్కులు, అట్టలు కొంటూ బిడ్డ ముందరే బిడ్డ గొప్పలు చెబుతారు. వినడం కూడా ఆ వ్యాపారంలో భాగమే. చాలా ఏళ్ళు విన్నాను, పెద్దగా పట్టించుకోలేదు. మా పాపను ఒకటో తరగతిలో చేర్చిన ఏడాది మాత్రం వినలేకపోయాను.

మా పాప అంటే నా చెల్లెలి కూతురు. చెల్లెలు చనిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. పాప నన్ను పెద్దమ్మా అని, మా అమ్మను అవ్వా అని పిలుస్తుంది. ముగ్గురం కొట్టు వెనక ఇంట్లోనే ఉంటాం.

ఆ వారం మా వీధిలో ఉండే ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్లకూ మా పాపకూ నెల తేడా. పక్కపక్కన నిలబెడితే మాత్రం మా పాప రెండేళ్ళు చిన్నదానిలా ఉంటుంది.

"యక్కా, ఈమెకు బోర్డు కనపడితే చాలు, చదవాల్సిందే. బస్సు మీద హిందూపురం అని ఉంటే హిందూపురం అంటాది, కదిరి అని ఉంటే కదిరి అంటాది. నేనేం నేర్పిచ్చలేదు, దాని పాటికి అదే."

"మంచిది," అన్నాను.

"మీ పాప యాడికొచ్చింది? అఆలు వచ్చినాయా?"

"వస్తాండాయి."

పలక అడిగింది. పైన కొత్త కట్ట ఉంది. నేను వంగి, అడుగున ఉన్న చట్రం మూల పగిలిన పలక తీసి, కాగితం చుట్టి ఇచ్చాను. చూసే ఇచ్చాను. మర్నాడు ఆవిడ దాన్ని వెనక్కి తెచ్చి, "చూసుకోలేదేమోలే యక్కా," అని నవ్వింది. మార్చి ఇచ్చాను. ఆ పిల్ల కొత్త పలకను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని పోయింది. ఐదేళ్ళ పిల్ల మీద నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో ఆ రోజు నేను ఆలోచించలేదు.

మా పాప సాయంత్రం కొట్టులో నా కాళ్ళ దగ్గర కూర్చుని 'అ' దిద్దేది. పది సార్లు దిద్దేది. పదకొండోసారి తనంతట తాను రాసి, తలెత్తి చూసేది. నేను మెచ్చుకునేదాన్ని. పొద్దున అదే అక్షరం చూపిస్తే ఎన్నడూ చూడనట్టు చూసేది. నేను గట్టిగా అడిగితే నవ్వేది. ఇంకా గట్టిగా అడిగితే పలక విసిరేసి చెవులు మూసుకునేది. మళ్ళీ మొదటి నుంచి దిద్దించేదాన్ని. అట్లా జూన్ అయింది, జూలై అయింది.

అసూయ నాకు కొత్త కాదు. అది నాకు చెల్లెలితో మొదలైంది.

ఆమె నాకంటే ఐదేళ్ళు చిన్నది. కొట్టులో నేను కూర్చుంటే సరుకు అమ్ముడుపోయేది. ఆమె కూర్చుంటే జనం కూడేవాళ్ళు. నేను కొట్టులో పుస్తకాలు, గ్రంథాలయంలో పుస్తకాలు అన్నీ చదివాను, ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. నాయన "సరే" అన్నాడు. ఆమె ఇంటర్ తప్పింది. నాయన నవ్వి, సాయంత్రం మైసూరుపాకు తెచ్చి "బాధపడద్దు" అని తినిపించాడు. నన్ను గోరంట్లలో ఇచ్చారు. ఆమెను ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంట్లో ఇచ్చారు. పిల్లలు కలగలేదని నా కాపురం ఏడేళ్ళకు ముగిసింది. నేను పెట్టె తీసుకుని పెనుకొండ వచ్చిన నెలలోనే ఆమెకు రెండోసారి నెల తప్పిందని ఫోను వచ్చింది. మా అమ్మ నా ముందర గట్టిగా సంతోషపడకూడదని పెరట్లోకి పోయి మాట్లాడింది. గోడ పక్కనే కదా, నాకు అంతా వినిపించింది.

రెండోసారి అన్నాను. మొదటిది ఐదో నెలలో పోయింది. అప్పుడు మా అమ్మ ధర్మవరం పోయి పది రోజులు ఉంది. చలికాలం. చెల్లెలికి ఒళ్ళు చల్లబడి, వణుకు తగ్గలేదట. మాలాంటి ఇళ్ళలో తాగుడు అనే మాట గడప లోపలికి రాదు. మందు అయితే వస్తుంది. జలుబు పట్టినా, కాన్పయినా, ఒళ్ళు చల్లబడినా రెండు మూతల బ్రాందీ వేడినీళ్ళలో కలిపి ఇస్తారు. "మందు లెక్కన తాగు" అంటారు. ఆ 'లెక్కన' అనే మాట చేరితే ఇక ఎవరికీ అభ్యంతరం ఉండదు. మా అమ్మ చెల్లెలికి అట్లాగే ఇచ్చింది. పది రోజుల తరవాత అమ్మ ఇంటికి వచ్చేసింది. సీసా అక్కడే ఉండిపోయింది.

రెండో కడుపు మూడో నెలలో ఉండగా నేను ధర్మవరం పోయాను. చూసి రమ్మని అమ్మ పంపింది. పోవాలని నాకు లేదు. చెల్లెలు మంచం మీద కూర్చుని, బీరువాలో తువ్వాలు ఉంది తీసుకోమంది. బీరువా నిండా చీరల అట్టపెట్టెలు. ఒకటి జరిపితే వెనక మూడు చిన్న సీసాలు కనపడ్డాయి. రెండు ఖాళీవి, ఒకటి సగం ఉంది.

"ఏందే ఇది?"

"మందు," అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు మెల్లగా చెప్పింది. "నిద్ర పట్టదక్కా. కండ్లు మూస్తే పోయిన బిడ్డే కనపడతాది. ఇది కొంచెం తాగితే పడ్తాది. అమ్మనే కదా ఇచ్చింది, ఏమైతాది?"

"మీ ఆయనకు తెలుసా?"

"ఆయన షాపు నుంచి వచ్చేతలికి నేను పండుకోనుంటా. ఎవురికీ చెప్పాకు అక్కా. నా మీద ఒట్టు."

నేను అట్టపెట్టెను మళ్ళీ సీసాలకు అడ్డంగా జరిపాను. తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాను. నాలుగు రోజులు ఉండి రైలెక్కి వచ్చేశాను. అమ్మ అడిగితే "బాగుండాది" అన్నాను.

చెల్లెలి మీద ప్రేమతో ఆ మాట దాచానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమెకు అన్నీ ఉన్నాయి. మొగుడు, ఇల్లు, కడుపులో బిడ్డ. ఆమెలో ఒక లోపం ఉంది, అది నాకొక్కదానికే తెలుసు. అది నా దగ్గర ఉండటం నాకు బాగుండింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చాలా ఏళ్ళ తరవాత, ఆమె కంటే నేను మేలనుకున్నాను. అందుకే చెప్పలేదు. చెబితే అందరూ కలిసి ఆమెను సరిచేసేవాళ్ళు. మళ్ళీ ఆమెకు అన్నీ ఉండేవి.

అది బిడ్డకు మంచిది కాదని నాకు తెలుసు. ఎంత చెడ్డదో తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్నా అని నన్ను నేను అడిగితే ఈ రోజుకు కూడా జవాబు తేలదు.

పాప నెలలు నిండకముందే పుట్టింది, చాలా చిన్నగా. పాలు తాగడానికి కూడా ఓపిక లేనట్టుండేది. నిద్రపోయేది కాదు. తల్లి తాగడం పాప పుట్టాక ఆగలేదు, పెరిగింది. పాపకు మూడేళ్ళు వస్తాయనగా చెల్లెలు పోయింది. కామెర్లు అని చెప్పుకున్నాం. అది అబద్ధం కాదు. కామెర్లు ఎందుకు వచ్చాయని ఎవరూ అడగలేదు. చెల్లెలి మొగుడు పాపను తెచ్చి, "కొన్నాళ్ళు ఈడుండనీ వదినా," అన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నెలకొకసారి బిస్కెట్లు తెస్తాడు, గంట కూర్చుంటాడు, పోతాడు. చెడ్డవాడు కాదు.

చెల్లెలు పోయిందని నేను ఏడ్చాను. ఇప్పటికీ కొన్ని పూటలు పని మధ్యలో కూర్చుండిపోతాను. ఆ ఏడుపులోనే, పాప నాకు వచ్చిందన్న సంతోషం కూడా ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూడటం నాకు చేతకాలేదు.

బడిలో చేరిన రెండో నెలలో టీచరమ్మ కబురు పెట్టింది. ముప్పై ఏళ్ళ మనిషి. పరిగి దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. పని మీద ప్రాణం పెట్టే రకం.

"మేడం, మీ పాప చానా మొండి. పుస్తకం మూసి, సంచిలో పెట్టి, లైన్లో నిలబడు అంటే అట్లే చూస్తా కూర్చుంటాది. మిగిలిన పిల్లోళ్ళంతా నిలబడినాక ఆమె ఇంకా పుస్తకం చేతిలోనే పట్టుకోనుంటాది. అరిస్తే ఏడుపు. ఇంగొకటి, అబద్ధాలు."

"ఏం అబద్ధాలు?"

"వాళ్ళమ్మ వచ్చిందంట. మొన్న జడకు క్లిప్పు పెట్టుకోనొచ్చింది కదా, మా అమ్మ ధర్మవరం నుంచి తెచ్చిందంటాది. ఆదివారం మా అమ్మ జిలేబి తినిపించిందంటాది. వాళ్ళమ్మ లేదని నాకు తెలుసు కదా మేడం. నా ముందరే చెప్తే ఎట్ల?"

క్లిప్పు నేను కొన్నాను. జిలేబి నేను తినిపించాను. టీచరమ్మకు ఆ మాట చెప్పలేదు. ఇంటికి వచ్చేదాకా నాకు పాప మీద కాదు, చెల్లెలి మీద కోపం వచ్చింది. పాపకు నేను అన్నం పెడతాను, నీళ్ళు పోస్తాను, పక్క తడిపితే మారుస్తాను. అదంతా పోయి ఆమె ఖాతాలో పడుతోంది. చనిపోయినదానితో పోటీ పడుతున్నానని తెలిసి నాకే సిగ్గేసింది. సిగ్గేసినా కోపం పోలేదు. ఆ సాయంత్రం పాప జడకు క్లిప్పు పెట్టేటప్పుడు "ఇది ఎవరు కొన్నారు, చెప్పు," అని అడిగాను. "అమ్మ," అంది. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అమ్మే.

పాపను హిందూపురంలో పిల్లల డాక్టరుకు చూపించాం. నేను, మా అమ్మ, పాప. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, చిన్న వయసు. మిగతా డాక్టర్ల లాగా తొందరపడలేదు. టేపుతో పాప తల కొలిచింది. ముక్కు కింద, పై పెదవి మీద వేలితో తాకి చూసింది. మామూలుగా అక్కడ ఉండే చిన్న గాడి మా పాపకు లేదు, నున్నగా ఉంటుంది. పై పెదవి సన్నగా గీత లాగా ఉంటుంది. నేను రోజూ చూసే మొహమే, కానీ ఆమె చూసేదాకా నేను దాన్ని విడిగా చూడలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా పై పెదవి ఇలా ఉందా అండీ?" అని అడిగింది.

"మా వంశంలో అందరిదీ సన్న పెదివేనమ్మా," అంది మా అమ్మ. అమ్మ పెదవులూ నా పెదవులూ డాక్టరమ్మకు కనపడుతూనే ఉన్నాయి.

ఆమె కాగితం వైపు చూస్తూ అడిగింది. "కడుపుతో ఉన్నప్పుడు మీ అమ్మాయి మందు ఏమైనా తీసుకునేదా?"

"లేదమ్మా! ఏ మందులూ మింగలేదు. గవర్నమెంటోళ్ళు ఇచ్చే ఐరన్ బిళ్ళలే సరిగ్గా మింగేది కాదు. ఎంత తిట్టినానో."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పాప చెప్పు పట్టీ సరిచేస్తూ తల వంచుకున్నాను.

ఆమె మందులు అనలేదు. మందు అంది. బిళ్ళల గురించి అడిగేవాళ్ళు మందులు అంటారు. మర్యాదగల మనిషి, తాగేదా అని ఒక పెద్దావిడను మొహాన అడగలేక ఏకవచనంలో అడిగింది. మా అమ్మ బహువచనంలో జవాబు చెప్పింది. అమ్మకు నిజంగా అర్థం కాలేదా, అర్థమయ్యే అట్లా చెప్పిందా అని నేను అడగలేదు. నాకు మాత్రం అర్థమైంది. జీవితమంతా పుస్తకాల మధ్య కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తేడా తెలుస్తుంది. తెలిసే చెప్పు పట్టీ సరిచేస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ చెవి పరీక్ష, కంటి పరీక్ష రాసింది. రెండూ బాగానే ఉన్నాయని వచ్చింది. నెల తరవాత రమ్మంది. బడికి ఏం చెప్పాలో తెలియక ఏమీ చెప్పలేదు. టీచరమ్మ మొండితనం వదిలించాలని పాపను రోజూ కాసేపు వరండాలో నిలబెట్టడం మొదలుపెట్టింది. ఎందుకు నిలబడిందో పాపకు తెలిసేది కాదు. పిలిచేదాకా నిలబడేది.

ఒక రోజు అట్లా నిలబడి, గేటు దాటి పోయింది.

కొట్టులో ఉంటే ఒక ఆటో అతను పరిగెత్తుకుని వచ్చాడు. "అక్కా, మీ పాప బస్టాండులో ఉండాది, బిరీన రా." పోయేసరికి ధర్మవరం బస్సు ఆగి ఉంది. కండక్టరు పాప చెయ్యి పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఎక్కిందట. ఆవిడతో వచ్చిన పాప కాదని ఆవిడకు టికెట్టు ఇచ్చేటప్పుడు అతనికి తెలిసింది.

"ఏమ్మా, బిడ్డను ఇట్ల వదిలేస్తారా? ఇంగ రెండు నిమిషాలైతే బండి కదిలిపోయేది," అన్నాడు కండక్టరు. "యాడికి పాపా అంటే, మా అమ్మ కాడికి పోతాండా అంటాది."

పాప భయపడలేదు. నన్ను చూసి నవ్వింది. కండక్టరుకు చెయ్యి ఊపింది. దారిలో వచ్చే ప్రతి మనిషినీ తన మనిషే అనుకునే పిల్ల. నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. అంత భయంలోనూ, ఇది కూడా ఆమె దగ్గరికే పోతోంది అనే మాట మనసులో వచ్చింది. రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

హెడ్‌మాస్టరు పిలిపించాడు. "రేపట్నుంచి పంపద్దమ్మా. వచ్చే ఏడు చూద్దాం. చెప్పిన మాట వినని బిడ్డను నేను కాపలా కాయలేను. రేప్పొద్దున ఏమన్నా అయితే మా మెడకు చుట్టుకుంటాది."

"విననిది కాదు సార్. అర్థం కావడం లేదు."

"అయితే డాక్టరు కాడ రాయించుకోని రా. ఏం జబ్బు, ఏం చెయ్యాల. రాసిస్తే చూస్తా."

డాక్టరు రాయాలంటే ఆమెకు నిజం కావాలి. నిజం మా ఇంట్లో ఉంది. పాప ఇంట్లో కూర్చుంది. తొమ్మిది గంటలకు మిగతా పిల్లలు కొట్టు ముందర నుంచి పోతుంటే సంచి తగిలించుకుని గడపలో నిలబడేది. "పెద్దమ్మా, బడి," అనేది. నాలుగు రోజులు అట్లా నిలబడింది. ఐదో రోజు నేను కొట్టు మూసి, డాక్టరు దగ్గరికి పోతున్నానని అమ్మకు చెప్పాను.

"ఏం చెప్తావు పోయి?"

"చెల్లెలు తాగేదని చెప్తా."

అమ్మ బియ్యం ఏరుతోంది. చాట దించింది. "చచ్చిపోయినదాని నోట్లో ఇంకా మందు పోస్తావా? అది పోయింది. దాని పేరన్నా బాగుండనీ."

"పేరు కోసం ఈ బిడ్డను ఇంట్లో పెట్టుకోవాల్నా?"

"నీకు అదంటే మొదట్నుంచీ పడదు. అది పోయినా నీ కడుపుమంట చల్లారలేదు."

ఆ మాట అమ్మ నోట మొదటిసారి విన్నాను. ఇన్నేళ్ళుగా అమ్మకు తెలుసన్నమాట. కాదనలేదు.

"నువ్వు ఇచ్చినావని చెప్పను," అన్నాను. "నేను చూసినానని చెప్తా."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏం చూసినావు?" అంది. చెప్పాను. బీరువా, అట్టపెట్టె, మూడో నెల. చెప్పేది అయిపోయాక అమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. బియ్యం ఏరలేదు. "నేను రెండు మూతలే ఇచ్చినా," అంది. "మందు లెక్కన ఇచ్చినా." పాప అవ్వ భుజం మీద వాలి చాటలో చెయ్యి పెట్టింది. నేను పాపను తీసుకుని రైలు టైముకు బయలుదేరాను.

డాక్టరమ్మ గుర్తుపట్టింది. నేను కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. "మొన్న మీరు మందు అని అడిగినారు. మా అమ్మ మందులు అనుకునింది. నేను అనుకోలేదు. తాగేది. మూడో నెలలో నేనే చూసినాను. బహుశా మొదటి నుంచీ, చివరిదాకా."

ఆమె ఆశ్చర్యపోలేదు. ఎంత, ఎన్ని రోజులకొకసారి అని అడిగి రాసుకుంది. నాకు తెలిసినంత చెప్పాను. తరవాత ఒక కాగితం మీద నాలుగు ఇంగ్లీషు మాటలు రాసి, నిదానంగా చదివింది. ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్. తెలుగులో దీనికి పేరు లేదండీ అంది.

"తల్లి తాగింది కడుపులో బిడ్డకూ చేరుతుంది. మెదడు తయారయ్యే రోజులు కదా, దెబ్బ పడుతుంది. ఒకసారి బెంగుళూరులో చూపించి ఖాయం చేసుకుందాం. కానీ ఇప్పటి నుంచే ఇదే అనుకుని నడుచుకోండి. ఇది మొండితనం కాదు. ఒకేసారి మూడు పనులు చెబితే ఆమెకు ఒక్కటి కూడా నిలవదు. ఒక్కటి చెప్పండి. అది అయ్యాక రెండోది. రోజూ అదే చోట కూర్చోబెట్టండి. నిన్న నేర్చుకున్నది ఇవాళ మరిచిపోతే కోప్పడకుండా మళ్ళీ చెప్పండి."

"అబద్ధాలు చెప్తాది."

"అబద్ధాలు కాదు. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోట తనకు తోచింది పెట్టుకుంటుంది. తనకు అదే నిజం."

"తగ్గుతుందా?"

"పోదండీ. కానీ మనం మారితే చాలా నేర్చుకుంటుంది." కాగితం మీద సంతకం పెడుతూ, "మీ చెల్లెలిని తప్పుపట్టకండి. ఇది ఇంత చేస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు," అంది.

నేను అడగకుండా ఉండాల్సింది. అడిగాను. "మూడో నెలలో నేను చూసినప్పుడు మాన్పించి ఉంటే?"

ఆమె కలం ఆపింది. "అది ఎవరూ చెప్పలేరు. ఎప్పుడు మానినా బిడ్డకు కొంత మేలే." కఠినంగా అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పాప నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. పై పెదవి చూస్తూ కూర్చున్నాను. ఇందులో నా చెల్లెలు చేసింది ఉంది. నేను చెయ్యనిదీ ఉంది. నేను ఈ పిల్లకు ఎంత చేసినా ఆ మొహం మీద అట్లా నిలవదు అనిపించింది. దెబ్బ మీద కూడా అసూయపడ్డాను. రాయడానికి బాగాలేదు, కానీ అదే అనుకున్నాను.

డాక్టరు కాగితం ముందు టీచరమ్మకు ఇచ్చాను. హెడ్‌మాస్టరు కంటే ఆమె చదువుతుందని. వరండాలో నిలబడి చదివింది. పాప అట్లా నిలబడింది ఆ వరండాలోనే. అర్థం కాని చోట అడిగింది, చెప్పాను. తాగేది అనే మాట కూడా చెప్పాను. నాలుగు రోజుల్లో ఊరంతా తెలుస్తుందని తెలిసే చెప్పాను.

టీచరమ్మ కాగితం మడిచింది. నాలుక చప్పరించింది. "ఎంత పని చేసింది మేడం మీ చెల్లెలు! కన్నబిడ్డకు ఎవరన్నా అట్ల చేస్తారా? మీరు కాబట్టి సాకుతాండారు. దాని కంటే మీరు వెయ్యి రెట్లు మేలు."

ఆ మాట కోసం నేను పుట్టినప్పటి నుంచి ఎదురుచూశాను. నాయన నోట, అమ్మ నోట, కొట్టుకొచ్చే వాళ్ళ నోట. చివరికి పరిగి నుంచి వచ్చే టీచరమ్మ నోట వచ్చింది. విన్నాను. ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఇంటికి పోయి అదే చెప్పేది, వాళ్ళు ఇంకొకరికి చెప్పేవాళ్ళు, నా చెల్లెలు తాగుబోతు, నేను దేవత అయ్యేవాళ్ళం. నా చెల్లెలు నిద్ర పట్టక తాగింది. పోయిన బిడ్డను మరిచిపోలేక తాగింది.

"నేను చూసినా," అన్నాను.

"ఏం చూసినారు?"

"కడుపుతో ఉండి తాగేది నేను చూసినా. మూడో నెలలోనే. ఎవురికీ చెప్పలేదు. చెప్పింటే ఈ బిడ్డకు కొంతన్నా మేలయ్యేది. డాక్టరమ్మే అనింది."

"ఏంటికి చెప్పలేదు మేడం?"

"కుళ్ళు," అన్నాను. "ఆమె మీద నాకు కుళ్ళు."

నేను ఆమెకు అంత చెప్పాల్సిన అవసరం లేదు. టీచరమ్మ కాగితం తిరిగి ఇవ్వబోయి, ఇవ్వకుండా తన రిజిస్టరులో పెట్టుకుంది. "నేను కూడా వరండాలో నిలబెట్టినా పాపను," అంది. "హెడ్‌మాస్టరు సారుతో నేను మాట్లాడతా. మొదట కొన్నాళ్ళు మీరు కూడా వచ్చి క్లాసులో కూర్చోవాల. గేటు కాడ నేను ఒక్కదాన్నే చూసుకోలేను."

సోమవారం నుంచి కొట్టు మధ్యాహ్నం తెరుస్తున్నాను. పొద్దున క్లాసులో వెనక గోడకు ఆనుకుని కూర్చుంటాను. మొదటి రోజు టీచరమ్మ పాపను తన బల్ల పక్కన, కిటికీకి దూరంగా కూర్చోబెట్టింది. మిగతా పిల్లలకు పని ఇచ్చి, వంగి, పాప మొహంలోకి చూసి ఒక్కటే మాట అంది.

"పుస్తకం తియ్యి."

పాప సంచిలో వెతికి తీసింది. టీచరమ్మ ఆగింది. తొందరపెట్టలేదు.

"తెరువు."

తెరిచింది.

అంతే. ఇన్ని నెలలు ఆ మాటలే నేనూ చెప్పాను. పుస్తకం తీసి, తెరిచి, మూడో పేజీ చూసి, ఇది ఏమక్షరమో చెప్పు అని ఒక్క గుక్కలో చెప్పాను. టీచరమ్మ ఒక్క పూటలో నేర్చుకుంది. పాప తల ఎత్తి ఆమె వైపే చూస్తోంది, తరవాతి మాట కోసం. నా వైపు ఒకసారి కూడా తిరగలేదు. ఆ చూపు నాది కావాలని ఒళ్ళంతా లాగింది. లేచి ముందుకు పోయి, నేను చెప్తాలెండి అనాలనిపించింది.

గోడకు ఆనుకుని అట్లాగే కూర్చున్నాను. గంట కొట్టేదాకా లేవలేదు.